ఈగలు తోలే కొలువు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా చిన్నాయన ఆర్మూర్ బస్టాండు ఎదుటి హోటల్లో రెండో చాయ్ తాగాడు. సమయం ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటే, పోచంపాడ్ మీదుగా నిర్మల్ పోయే బస్సు ఇంకా రాలేదని ఆయన సరిగ్గా అప్పుడే గడియారం చూసుకున్నాడట. (పోచంపాడ్‌లో ఆయన పనిచేసే కాలువల ఆఫీసు పదిన్నరకే తెరుస్తారు. ఆ సంగతి ఆయన గడియారానికి పట్టేది కాదు.) ఆ రోజుల్లో మా దిక్కు పెళ్ళి సంబంధాల మంచిచెడ్డలు ఇట్లాంటి చోట్లనే తేలేవి. ఇంటికి వచ్చి పిల్లవాడి చదువు, కొలువు అడగడం మర్యాద కోసం. అసలు విచారణ హోటల్ బల్ల దగ్గర జరిగేది. చాయ్ తాగుతున్న మనిషికి తాను సాక్ష్యం చెప్తున్నానని కూడా తెలిసేది కాదు. ఆ ఉదయం మా చిన్నాయన నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పి బస్సెక్కి పోయాడు. ఆ నాలుగు మాటలతో నా పెళ్ళి ఆగిపోయింది.

ఈ కథను ఏళ్ళ తరబడి మా ఆవిడ చెప్పింది. చుట్టాలు వస్తే చెప్పేది, బడిలో తోటి పంతులమ్మలకు చెప్పేది, ఒకసారి రైల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పింది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ని. ఆమె చెప్పిన ప్రతిసారీ ఈగలు ఇంకొన్ని పెరిగేవి, నా చొక్కా ఇంకొంచెం పసుపయ్యేది. పోయిన ఏడు ఆమె పోయింది. అట్లా మిగిలిపోయినవాళ్ళు రాసిన పుస్తకాలు చాలా చదివాను, బాగున్నాయి, నాకు పెద్దగా పనికిరాలేదు. అందుకని దాని గురించి నేను రాయను. ఈ కథ మాత్రం నాకు వచ్చు. ఆమె కలిపినవన్నీ తీసేసి, జరిగింది జరిగినట్టు చెప్తాను. తీసేశాక నవ్వు మిగులుతుందో లేదో మీరే చూడండి.

నేనప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నాను. తొంభైల మొదటి రోజులు. పీహెచ్‌డీ అయిపోయింది, పక్కా ఉద్యోగం దొరకలేదు. ఆ రెండింటి నడుమ ఉండే కొలువును పోస్ట్ డాక్టరల్ అంటారు. (నాకు పోస్టాఫీసులో డాక్టరు పని దొరికిందని మా చిన్నమ్మ చాలా రోజులు అనుకుంది. పోస్టాఫీసుకు డాక్టరు ఎందుకని అడిగితే, "గంతమంది పనిజేస్తరు, జ్వరాలు రావా?" అంది.) పని పండ్ల ఈగల మీద. మెత్తబడిన అరటిపండు చుట్టూ నువ్వు గింజంత ఈగలు తిరుగుతుంటాయే, అవి. బతికిన బతుకును బట్టి ఆ చిన్న ఈగ మెదడులోని తీగలు పెరుగుతాయా, తరుగుతాయా అన్నది మా ప్రశ్న. కొన్నింటిని గుంపులో పెంచేవాళ్ళం, కొన్నింటిని పుట్టగానే విడదీసి ఒక్కో గాజు గొట్టంలో ఒక్కొక్కటిగా పెంచేవాళ్ళం. తర్వాత రెండు రకాల మెదడులనూ పోల్చి చూసేవాళ్ళం. అనుభవాన్ని బట్టి మెదడు తనను తాను మార్చుకునే ఈ గుణానికి ప్లాస్టిసిటీ అని పేరు. కొన్ని ఈగలకు పాఠాలు కూడా చెప్పేవాళ్ళం. ఒక వాసన చూపించి, అదే క్షణాన సన్నగా కరెంటు తగిలిస్తే, ఆ వాసన వచ్చే దిక్కుకు అవి మళ్ళీ పోవు. ఈగకు జ్ఞాపకం ఉంటుందని నేను నా కళ్ళతో చూశాను. అంతకన్నా గొప్ప ఉద్యోగం ఇంకొకటి ఉంటుందని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడూ అనిపించదు.

మా అమ్మానాన్నలది ధర్పల్లి దిక్కు ఒక పల్లె. హైస్కూలు చదువు కోసం నన్ను చిన్నప్పుడే ఆర్మూర్‌లో చిన్నాయన ఇంట్లో ఉంచారు కనుక నా పెళ్ళి బాధ్యత కూడా చిన్నాయన, చిన్నమ్మలే మీద వేసుకున్నారు. వాళ్ళు చూసిన పిల్ల తండ్రికి పసుపు మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పసుపును కొనేవాళ్ళకు చూపించి, ధర కుదిర్చి అమ్మిపెట్టేవాడు. ఊళ్ళో ఆయనను కూసో సేటు అనేవాళ్ళు. దుకాణంలోకి ఎవరు వచ్చినా ఆయన మొదటి మాట "కూసో". చాలాసేపటి వరకు చివరి మాట కూడా అదే. కొత్తగా బేరానికి వచ్చినవాడైనా, పని అడగడానికి వచ్చిన గుమస్తా అయినా, గోనె సంచి మీద కూర్చోబెట్టి, తన పని తాను చేసుకునేవాడు. విసుగుపడి లేచినవాడితో ఆయనకు పని లేదు. ఎందుకిట్లా అని అడిగితే, అడిగినవాణ్ని కూడా కూసో అనేవాడు.

పిల్ల పెర్కిట్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేది. ఆ ఎండాకాలంలో పిల్లను చూడ్డానికి పోయినప్పుడు పెద్దవాళ్ళు మమ్మల్ని కాసేపు వరండాలో కూర్చోనిచ్చారు. నేను ఈగల గురించి చెప్పాను. వేరే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆమె అంతా విని, "ఈగలు మనుషులను గుర్తుపడ్తయా?" అని అడిగింది. పట్టవు అన్నాను. "మీరు వాటిని గుర్తుపడ్తరా?" అంది. కొన్నింటిని పడతాను అన్నాను. ఆమె నవ్వింది. నాకు ఈమె కావాలి అన్నది అక్కడే తేలిపోయింది. ఈ ఒక్క విషయంలో నేను పరిశోధకుడి లెక్కన నడుచుకోలేదు. ఒకే ఒక్క పరిశీలనతో నిర్ణయానికి వచ్చాను, దాన్ని మళ్ళీ సరిచూడలేదు.

వానలు మొదలయ్యాక ఒక శనివారం సాయంత్రం హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చాను. చిన్నమ్మ నా చేతికి చెంబు ఇచ్చి, నేను కాళ్ళు కడుక్కునేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"సేటు మనసు మార్చుకున్నడట. పిల్లగాడు హైదరాబాదుల ఈగలు తోల్కుంటుండట, గసుంటోనికి పిల్లనెట్ల ఇస్తం అన్నడట."

ఎవరైనా ఈగలు తోలుకుంటున్నాడంటే మన భాషలో అర్థం ఒకటే. పని లేదు, బేరం లేదు, పొద్దు పోవడం లేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు వెంటనే అనుమానం వచ్చింది. మంచం మీద రేడియో వింటున్న చిన్నాయన దగ్గరికి పోయాను.

"చిన్నాయనా, నా గురించి ఎవలికన్న ఏమన్న జెప్పినవా?"

"నేనెందుకు జెప్త? హోటల్ల గొడుగాయన కలిసిండు గంతె. మంచి మనిషి. చాయ్ గూడ ఆయననే తాగిపిచ్చిండు."

గొడుగాయన అంటే సేటు బామ్మర్ది. ఎండైనా వానైనా చంకలో గొడుగు లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు. మా చిన్నాయనకు చాయ్ తాగించేవాళ్ళందరూ మంచి మనుషులే.

"ఏమడిగిండు?"

"మీ అన్న కొడుకు హైదరాబాదుల ఏం జేస్తడని."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నదే అన్న. పొద్దుగాల పోయి, పొద్దుగూకేదాక ఈగలు జూస్కుంట కూసుంటడని."

పొయ్యి దగ్గరున్న చిన్నమ్మ ఊదడం ఆపింది.

"దానికి ఆయనేమన్నడు?"

"మస్తు చదివిండంటిరి గదా అన్నడు. చదివినంకనే గదా గీ పని దొరికింది అన్న."

"ఇంకా?"

"డాక్టరంటిరి, ఏ దవాఖాన అన్నడు. దవాఖాన లేదు, ఈగలకే అన్న."

"అయిపోయిందా?"

"ప్లాస్టిక్ పని గూడ ఉంటదని జెప్పిన. నువ్వే గదా అంటివి, ఈగల మెదడుల ప్లాస్టిక్ ఉంటదని. ఒక్కటే పని అంటే తక్కువ జేస్తరని అది గూడ కలిపిన."

"మంచిగ కలిపినవ్," అంది చిన్నమ్మ. "గీయన మెచ్చుకుంటే మనిషి ఇంట్లనే ఉండిపోవాలె."

"తప్పేం జెప్పిన? అరేయ్, నువ్వే జెప్పు. ఈగలు జూస్తలేవా?"

"చూస్తున్న."

"కూసుంటలేవా?"

"కూసుంటున్న."

"మరింకేంది," అని ఆయన రేడియో మోత పెంచాడు.

నిజం చెప్పాలంటే ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. నా పరిశోధనను అంత తక్కువ మాటల్లో అంత సరిగ్గా చెప్పినవాళ్ళు మా ల్యాబ్‌లో కూడా ఎవరూ లేరు. కాని ఆ సరైన మాటలు హోటల్ బల్ల దాటి, గొడుగాయన చెవిలో పడి, అడ్తి దుకాణం చేరేసరికి 'చూసుకోవడం' కాస్తా 'తోలుకోవడం' అయింది. ఒక్క క్రియాపదం. దాన్ని సరిచేస్తే చాలునని నాకు గట్టి నమ్మకం కుదిరింది. నేనే పోయి సేటుతో మాట్లాడతానన్నాను.

"పోయి ఏం జెప్తవ్? ఈగలు తోల్తలేను, సాదుకుంటున్న అంటవా?" అని అడిగింది చిన్నమ్మ.

"చెప్పుడు కాదు, చూపిస్త," అన్నాను.

వచ్చే శనివారానికి ఏర్పాట్లు చేసుకున్నాను. ఏ ఈగకు ఏ వాసనతో పాఠం చెప్పినా నేర్చుకుంటుంది. సేటుకు ఎరుకైన వాసన అయితే మంచిదని పసుపును ఎంచుకున్నాను. ఇది చాలా తెలివైన ఆలోచనగా అప్పుడు తోచింది. శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో నా ఈగలకు పసుపు వాసన, కరెంటు కలిపి పాఠం చెప్పాను. తర్వాత రెండు దిక్కులున్న గాజు గొట్టంలో వదిలి పరీక్ష పెట్టాను. ఒక దిక్కు పసుపు రాసిన దూది, ఇంకో దిక్కు ఉత్త దూది. దాదాపు అన్నీ ఉత్త దూది దిక్కే పోయాయి. మా ప్రొఫెసర్ అనుమతి తీసుకుని, ఈగలున్న సీసాలను, ఆ గొట్టాన్ని, స్టీలు టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టుకుని సాయంత్రం బస్సెక్కాను. (పక్క సీటాయన ఏం కూర అని అడిగాడు. ఈగలంటే బాగుండదని దొండకాయ అన్నాను.)

బస్సు కుదుపులకు సీసాల అడుగున ఉన్న ఈగల మేత జావలా కారిపోయింది. తెల్లారి లేచి చిన్నమ్మ వంటింట్లో కొత్త మేత వండడానికి కూర్చున్నాను. మక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు కలిపి గట్టి జావలా ఉడికించాలి. చిన్నమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

"మక్క గట్కనా? ఎవలికి?"

"ఈగలకు."

"మనుషులం మజ్జిగ పోసుకుని తింటం. ఈగలకు బెల్లం గట్కనా." అని, వేలితో కొంచెం తీసుకుని నాలుక మీద వేసుకుంది. "జర ఉప్పెయ్యి," అంది.

దుకాణానికి పోయేసరికి సన్నగా జల్లు పడుతోంది. వానకాలంలో పసుపు మార్కెట్ అంటే ఖాళీ వీధి. పంట తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చేది చలికాలం వెళ్ళాక. ఎండలు ముదిరేదాకా అక్కడ బండి తిరగడానికి జాగ ఉండదు, వానలు పడ్డాక మనిషి ఉండడు. ఆ వీధిలో తలుపులు తెరిచి ఉన్న దుకాణం కూసో సేటుది ఒక్కటే. ఆయన మెత్త మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. వెనక గోనె సంచుల దొంతర. గోడలు, దూలాలు, ఫ్యాను రెక్కలు, అన్నీ పసుపే.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "కూసో," అన్నాడు.

కూర్చున్నాను. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను.

"సేటూ, నేను ఈగలు తోల్తలేను," అన్నాను. తయారు చేసుకున్న ఉపన్యాసంలో ఇది మొదటి వాక్యం. ఆయన ఒక పేజీ తిప్పాడు. నేను ఆగలేదు. ఈగ మెదడు ఎంతుంటుంది, మనిషి మెదడుకూ దానికీ ఉన్న పోలికలేమిటి, జ్ఞాపకం ఎట్లా నిలుస్తుంది, ఈ పని ఎందుకు చేయాలి, అన్నీ చెప్పాను. మా విభాగంలో సెమినార్ ఇచ్చినప్పుడు కూడా అంత బాగా చెప్పలేదు. (ఇక్కడ మా ఆవిడ, సేటు గురక పెట్టాడని చెప్పేది. అబద్ధం. ఆయన సినిమా ప్రకటనలు చదువుతున్నాడు.) ఉపన్యాసం అయిపోయింది. ఆయన ఇంకో పేజీ తిప్పాడు. నేను లేవలేదు. నాకు వేరే పని ఏముంది. ఆమె కోసమే వచ్చాను, ఆమె తండ్రి ఎదుట ఉన్నాడు, ఆయన ఇంకా పొమ్మనలేదు.

ఈలోపు నా ఒళ్ళోని బెల్లం గట్క వాసనకు వీధిలోని పెద్ద ఈగలన్నీ దుకాణంలోకి వచ్చాయి. మొహం మీద వాలుతున్నాయి, డబ్బా మీద వాలుతున్నాయి. భుజం మీది తువ్వాలతో వాటిని అటూ ఇటూ విసరడం మొదలుపెట్టాను. సేటు పేపర్ పైనుంచి ఒకసారి నా తువ్వాలను చూసి, మళ్ళీ చదువుకున్నాడు. అప్పటికి నాకు తట్టలేదు.

ఇక చూపించే వేళ అయిందనుకుని డబ్బా తెరిచాను. గాజు గొట్టం తీసి, ఒక దిక్కు పసుపు దూది, ఇంకో దిక్కు ఉత్త దూది పెట్టి, నడుమ ఈగలను వదిలాను. సేటు పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

"చూడండి సేటూ. నేను పాఠం జెప్పిన ఈగలు ఇవి. పసుపు వాసన వచ్చే దిక్కు ఒక్కటి గూడ పోదు."

ఆయన ముందుకు వంగి చూశాడు. ఈగలు అటూ పోలేదు, ఇటూ పోలేదు. నడుమ ముద్దగా చేరి కూర్చున్నాయి.

"పసుపు దిక్కు పోవంటవ్."

"పోవు."

"మరి గీ దుకాణంల పసుపు లేని దిక్కేది?"

నేను గోడలను చూశాను, దూలాలను చూశాను, ఫ్యానును చూశాను. ఉత్త దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. అది కూడా ఉత్తది కాదప్పుడు. నా ఈగలు పాఠం మరిచిపోలేదు. అంత బాగా గుర్తుంది కనుకనే ఎటు పోవాలో తెలియక కూర్చుండిపోయాయి. ఈ మాట సేటుకు ఎట్లా చెప్పాలా అని వాక్యం కూర్చుకుంటుండగానే ఆయన, "చచ్చినయా ఏంది?" అని గొట్టం చేతిలోకి తీసుకుని, బాగా చూద్దామని చివరనున్న దూది లాగేశాడు.

ఈగలకు ఒక దారి దొరికింది. అన్నీ ఒక్కసారి లేచి దుకాణమంతా చెదిరిపోయాయి.

అవి ల్యాబ్ ఈగలు, వదిలేసి పోలేను. డబ్బాలోంచి పీల్చే గొట్టం తీశాను. ఈగలను నలగకుండా పట్టడానికి మేము వాడేది అదే. రబ్బరు గొట్టం ఒక కొసను నోట్లో పెట్టుకుని మెల్లగా పీలిస్తే, రెండో కొసన ఉన్న గాజు పుల్లలోకి ఈగ వస్తుంది. నోట్లోకి రాకుండా నడుమ సన్నని గుడ్డ అడ్డం ఉంటుంది. సంచుల దొంతర ఎక్కి, గోడకు ఆనుకుని, ఒక్కొక్క ఈగనూ పీలుస్తున్నాను. చిన్న ఈగ మీద గురి కుదిరేసరికి పెద్ద ఈగ వచ్చి అడ్డం వాలుతుంది. దాన్ని రెండో చేతి తువ్వాలతో తోలుతున్నాను. చొక్కా, ప్యాంటు, మోచేతులు, అన్నీ పసుపు. సేటు మెత్త మీద నుంచి కదలలేదు.

శనివారం బడి ఒక్క పూటే. తండ్రికి అన్నం డబ్బా తీసుకుని ఆమె అప్పుడే వచ్చింది. గొడుగు ముడిచి, గడపలో నిలబడి, సంచుల మీద ఉన్న నన్ను చూసింది.

"నాయనా, గీయన ఏం జేస్తుండు?"

"నీ మేనమామ జెప్పింది ఇన్నవ్ గదా బిడ్డా. ఇప్పుడు కండ్లార జూడు."

గొట్టం నోట్లో ఉంది కనుక నేను వెంటనే జవాబు ఇవ్వలేకపోయాను. పట్టిన ఈగను సీసాలోకి ఊది, మూత పెట్టి, అప్పుడు చెప్పాను.

"గవి ల్యాబ్ ఈగలు. ఎగిరిపోయినయి, పడ్తున్న."

"పెద్దయి గూడ పడ్తున్నరా?"

"లేదు. పెద్దయి ఊరియి. చిన్నయి నాయి. చిన్నయి పడ్తున్న, పెద్దయి తోల్తున్న."

"ఒప్పుకున్నడు," అన్నాడు సేటు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. శబ్దం లేదు, భుజాలు మాత్రం కదిలాయి. "తోల్తున్నడట బిడ్డా. ఆయన నోటితోనే అన్నడు."

తువ్వాల చేతిలో ఉంది.

ఆమె మాత్రం నవ్వలేదు. (అక్కడ నవ్వలేదు. తర్వాత ఏళ్ళ తరబడి నవ్వింది.) దుకాణమంతా ఒకసారి చూసి, అన్నం డబ్బా కింద పెట్టి, తండ్రి కోసం తెచ్చిన అరటిపండు ఒలిచింది. ఒక ముక్క నా ఖాళీ సీసాలో వేసింది. తండ్రి పక్కనున్న పేపర్ అందుకుని, ఆయన చదవని పేజీ ఏదో అడగకుండానే పైపేజీ చింపి, గరాటులా చుట్టి సీసా మూతిలో పెట్టింది.

"అవ్వే వస్తయి. మీరు కిందికి దిగండి," అంది.

దిగాను. సీసా నడుమ పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. వాన పెద్దదయింది. ఈగలు ఒక్కొక్కటే గరాటు అంచున వాలి, ఆలోచించుకుని, లోపలికి దిగుతున్నాయి. ఆమె ఒంటరిగా పెంచే ఈగల గురించి అడిగింది. గుంపులో పెరిగినవాటికి మెదడులో తీగలు దట్టంగా ఉంటాయేమో చూస్తున్నామని చెప్పాను.

"ఒంటరిగ పెరిగిన దాన్ని గుంపుల ఏస్తే బాగైతదా?"

"అది తెలుసుకోనీకే పనిచేస్తున్నం."

"గుంపుల పెరిగిన దాన్ని తీసి ఒంటరిగ పెడితే?"

అది మా ల్యాబ్‌లో ఎవరూ అడగలేదు. ఇంకా చూడలేదని చెప్పాను.

సేటు సీసా వైపే చూస్తూ అడిగాడు. "ఎన్నేండ్లు ఉంటది గీ కొలువు?"

"రెండేండ్లు."

"అటెన్క?"

పొద్దటి నుంచి ఆయన అడగని ప్రశ్నలన్నింటికీ నేను జవాబులు చెప్పాను. అడిగిన ఈ ఒక్కదానికి నా దగ్గర జవాబు లేదు. పక్కా కొలువు వస్తుందని అనవచ్చు. ఆమె పక్కనే ఉంది. అనబుద్ధి కాలేదు.

"తెల్వదు సేటూ," అన్నాను.

ఆయన వెనక సంచిలోంచి ఒక పసుపు కొమ్ము తీసి చేతిలో తిప్పాడు.

"పసుపు భూమిల పెట్టి తొమ్మిది నెలలు జూస్తరు. తవ్వేదాక లోపలేముందో రైతుకు తెల్వది. తవ్వినంక ధరేముంటదో నాకు తెల్వది. ఇరవై ఏండ్ల సంది గిదే దుకాణంల కూసున్న. నాకు తెల్సు అనేటోడు ఎవడన్న వస్తే, వాన్ని జూస్తే నాకు భయం." అని ఆగి, తన మోకాలి మీది ఈగను తువ్వాలతో విసిరాడు. "వానకాలమంత గీడ కూసుని నేనేం జేస్తననుకున్నవ్? గిదే. ఈగలే తోల్త. నాకెవలన్న జీతమిస్తుండ్రా? నీకు సర్కారు జీతమిచ్చి తోలిపిస్తుంది."

"తోలిపిచ్చుడు కాదు సేటూ..."

"పొద్దటి సంది కూసున్నవ్. ఒక్కపాలి గడియారం దిక్కు జూడలె."

"చూసే తీరిక దొరకలేదు సేటూ."

"ఇంక సేటు గీటు అనకు," అన్నాడు ఆయన. "బిడ్డా, అన్నం పెట్టు."

నేను ఆమె వైపు చూశాను. ఆమె సీసాలోకి చూస్తోంది. "ఇంకా రెండు మీ మెడ మీదున్నయి," అంది.

ఒక్కరి కోసం తెచ్చిన అన్నం, ఒకటే పళ్ళెం. నాకు డబ్బా మూతలో పెట్టింది. పప్పు, మామిడికాయ తొక్కు. ముగ్గురం తిన్నాం. పెద్ద ఈగలను తోలే పని నాకే అప్పగించారు.

ఆ మాఘంలో పెళ్ళయింది. పెళ్ళిలో మా చిన్నాయన గొడుగాయన పక్కన కూర్చుని, ఈ సంబంధం తన మాట మీదనే కుదిరిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. గొడుగాయన తలూపాడు. నా పోస్ట్ డాక్టరల్ రెండేళ్ళతో అయిపోయింది, ఇంకో రెండేళ్ళు పొడిగించారు, ఆ తర్వాత ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డాను. పరిశోధనలో నేను గొప్పగా సాధించింది లేదు. అయినా ఆ రోజు పసుపు సంచులెక్కి, నోట్లో రబ్బరు గొట్టంతో, ఒక చేత్తో ఈగలను పడుతూ, ఇంకో చేత్తో తోలుతూ ఉన్న ఆ పిల్లవాణ్ని తలుచుకుంటే నాకు సిగ్గు వేయదు. తాను చేసే పని అందరికీ అర్థమవుతుందని వాడు గట్టిగా నమ్మాడు. వాడి నమ్మకంలో సగం నా దగ్గర ఇప్పుడుంటే బాగుండును అనిపిస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది.

పెళ్ళి తర్వాత ప్రతి వానకాలం ఒక శనివారం ఇద్దరం ఆర్మూర్ పోయేవాళ్ళం. మామ దుకాణం తెరిచి కూర్చునేవాడు, ఆమె అన్నం వండి తెచ్చేది. ఇంట్లో పళ్ళేలకు కొదవ లేదు, అయినా నాకు డబ్బా మూతలోనే పెట్టేది. మామ పోయాక కూడా మేమిద్దరం ఆ దుకాణం తాళం తీసి, సంచులు దులుపుకుని, కూర్చుని తిన్నాం. ఆ అలవాటు ఎందుకని ఎవరూ అడగలేదు, మేమూ ఎవరికీ చెప్పలేదు. పోయిన వానకాలం నేను పోలేదు. ఇప్పుడు ఆ దుకాణంలో ఎవరూ అన్నం తినరు.